అడాంగ్మేకు ఏ భాష దగ్గర: గా భాషా, ఎవే భాషా? కలగలిసిన ఫైళ్లు వేరు చేయడానికి సాయం కావాలి

మారతహళ్లి_మాటలమూట:

అందరికీ నమస్కారం. బెంగళూరులో మా జట్టు చేతికి ఘానా భాషల పని ఒకటి వచ్చింది. మాటను రాతలోకి మార్చే మోడల్ కోసం రాతప్రతులు, రికార్డింగులు సిద్ధం చేయాలి. ట్వీ, గా, ఎవే, అడాంగ్మే అని నాలుగు ఫోల్డర్లు ఉన్నాయి. అడాంగ్మే ఫోల్డర్‌లో మాత్రం అన్నీ కలిసిపోయినట్టున్నాయి. కొన్ని ఫైళ్ల మీద "అడాంగ్మే" అని, కొన్నిటి మీద "డాంగ్మే" అని, కొన్నిటి మీద "అడాంగ్బే" అని, ఇంకొన్నిటి మీద "క్రోబో" అని ఉంది.

జట్టులో రెండు వాదనలు నడుస్తున్నాయి. గా భాషకు ఇది మాండలికమే కాబట్టి గా డేటాలో కలిపేద్దామని ఒకరు. వోల్టా నది దాటితే ఎవేనే కాబట్టి, ఎవే డేటా ఎక్కువ దొరుకుతుంది కాబట్టి, దానితోనే మొదలుపెడదామని ఇంకొకరు. అడుగుతున్నవి ఇవి:

ఇది అసలు ఏ కుటుంబంలో, ఏ కొమ్మ మీద ఉంది? భాష రాని మనిషి రాత చూసి ఫైళ్లు ఎలా వేరు చేయాలి? స్వరభేదం (గొంతు ఎత్తు మారితే మాట అర్థం మారడం) ఉన్న భాష అంటున్నారు, రాతలో గుర్తులేమీ కనబడటం లేదు. రికార్డింగుల విషయంలో ఏం జాగ్రత్త పడాలి?

తెలుగు లిపిలోనే రాయండి, జట్టులో అందరం తెలుగువాళ్లమే.

అజంత (చెన్నై):

ముందు కుటుంబం సంగతి. నైజర్-కాంగో అనే పెద్ద కుటుంబం, అందులో క్వా అనే శాఖ. క్వా లోపల గా-డాంగ్మే ఒక చిన్న కొమ్మ, ఆ కొమ్మకు ఉన్నవి రెండే భాషలు: గా, డాంగ్మే. అడాంగ్మే, డాంగ్మే ఒకే భాషకు రెండు పేర్లు. ట్వీ, ఫాంటే ఉన్న అకాన్ వేరే కొమ్మ. ఎవే, ఫోన్ ఉన్న గ్బే ఇంకో కొమ్మ. గ్బే అంటే ఆ భాషల్లోనే "భాష, గొంతు" అని అర్థం, ఆ గుంపుకు ఈ పేరు 1980లో కాపో అనే భాషావేత్త పెట్టారు.

పాత విజ్ఞాన సర్వస్వాలు తెరిస్తే క్వాలో యొరుబా, ఇగ్బో కూడా కనిపిస్తాయి. 1963లో గ్రీన్‌బర్గ్ అనే భాషావేత్త చేసిన విభజన అది. తర్వాత వాటిని బెన్యూ-కాంగో వైపు మార్చారు. కాబట్టి "డాంగ్మేకు యొరుబా చుట్టం, యొరుబా డేటా వాడదాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు జట్టులోని రెండు వాదనలకు వస్తాను. గా, డాంగ్మే తోబుట్టువులు. మన దగ్గర తమిళం, మలయాళం ఎలాగో అలా అనుకోండి. మూలం ఒకటే, పోలికలు కొట్టొచ్చినట్టు కనబడతాయి, అయినా ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది రాదు. ఎవే అలా కాదు. తెలుగు, కన్నడం లాగా అది పొరుగు భాష. బెంగళూరులో తెలుగూ కన్నడమూ పక్కపక్కనే వినిపిస్తాయి, మాటలు ఇచ్చిపుచ్చుకున్నాయి, కానీ ద్రావిడ కుటుంబంలో కన్నడం దక్షిణ శాఖ, తెలుగు దక్షిణ-మధ్య శాఖ. పక్కన ఉండటం వేరు, ఒక తల్లికి పుట్టడం వేరు. వోల్టా అవతలి ఒడ్డున ఎవే ఉందని డాంగ్మే దాని కొమ్మ మీదకు ఎక్కదు.

నోటిమాట ఎందుకు, అంకెలు చూడండి. (తెలుగు లిపిలో వివృతమైన, అంటే నోరు ఎక్కువ తెరిచి పలికే ఎ, ఒ లకు వేరే అక్షరాల్లేవు, అందుకే కింద రెండు రకాలకూ ఒకే అక్షరం వాడుతున్నాను.)

రెండు: డాంగ్మే ఎన్యొ, గా ఎన్యొ, ఎవే ఎవె, ట్వీ మ్మియెను.
అయిదు: డాంగ్మే ఎనువొ, గా ఎనుమొ, ఎవే అటొ, ట్వీ ఎనుమ్.
ఏడు: డాంగ్మే క్పాగో, గా క్పావో, ఎవే అద్రె, ట్వీ న్సొన్.
ఎనిమిది: డాంగ్మే క్పాన్యొ, గా క్పాన్యొ, ఎవే ఎన్యి, ట్వీ న్వొట్వె.
పది: డాంగ్మే న్యొఙ్మ, గా న్యొఙ్మ, ఎవే ఎవొ, ట్వీ దు.

ఎనిమిది దగ్గర కాసేపు ఆగండి. ఆరు అంటే డాంగ్మేలో ఎక్ప, రెండు అంటే ఎన్యొ. క్పాన్యొలో ఆరూ రెండూ కలిసి కూర్చున్నాయి. ఆరు మీద రెండు, ఎనిమిది. ఏడు కూడా క్ప తోనే మొదలవుతోంది చూడండి. మనవాళ్లు తొమ్మిదిని పదికి ఒకటి తక్కువగా కట్టినట్టు (తొమ్మిది, తమిళ ఒన్బదు, కన్నడ ఒంబత్తు), వీళ్లు ఆరు మీద కట్టారు. ఈ కట్టుబడి గా, డాంగ్మే రెండిటిలోనూ ఒకేలా ఉంది, ఎవేలో లేదు. అరువు మాటలు ఎవరైనా తెచ్చుకుంటారు, లెక్కను కట్టే తీరు ఇంత అచ్చంగా కలవడం తోబుట్టువుల మధ్యే ఎక్కువ.

"అయితే గా మాండలికమేగా" అంటే కాదు. ఒకటి అనే అంకె దగ్గరే విడిపోయాయి: డాంగ్మే కకే, గా ఎకోమే. ధ్వనుల్లో తేడాలు వరస తప్పకుండా వస్తాయి. నీళ్లు డాంగ్మేలో న్యు, గాలో ను. మగమనిషి డాంగ్మేలో న్యుము, గాలో నూ. రెండు చోట్లా డాంగ్మే న్య ఉన్నచోట గా న. నేల, కింద అనే అర్థంలో డాంగ్మే సి, గా షి. ఇలా ఒక పద్ధతిలో మారుతుంటే అవి అక్కాచెల్లెళ్ల భాషలని అర్థం, ఒకదానికి ఇంకోటి యాస అని కాదు. బహువచనం చూసినా అంతే: డాంగ్మేలో ఆడమనిషి యో, ఆడవాళ్లు యిహి. గాలో యో, బహువచనం యెయి.

గందరగోళానికి చరిత్రలో కారణం ఉంది. బాసెల్ మిషన్ పాదిరీలు 19వ శతాబ్దంలో ముందుగా గా భాషను రాతలో పెట్టారు. జోహాన్నెస్ జిమ్మర్మాన్ 1858లో అచ్చు వేసిన గా వ్యాకరణంలో డాంగ్మేను చివర అనుబంధంగా చేర్చారు. గా బైబిల్ 1866 నాటికి పూర్తయింది. డాంగ్మే మాట్లాడే క్రోబో ప్రాంతపు చర్చిల్లో, బడుల్లో చాలాకాలం గా భాషే చదువు భాషగా నడిచింది. అందుకే ఈనాటికీ "గా-అడాంగ్మే" అని ఒక్క ఊపిరిలో అనేస్తారు. ఇప్పుడు ఘానాలో ప్రభుత్వం బడి కోసం గుర్తించిన 11 భాషల్లో గా, డాంగ్మే వేరువేరుగా ఉన్నాయి.

తోక_ఎన్ (ఇందిరానగర్):

అజంత గారు చెప్పినదానికి తోడుగా ఫైళ్లు వేరు చేసే పని చెబుతాను. తెలుగు-కన్నడ ఫైళ్లు కలిస్తే యూనికోడ్ చూసి క్షణంలో విడదీయొచ్చు: తెలుగు 0సి00 నుంచి, కన్నడం 0సి80 నుంచి. ఇక్కడ ఆ సుఖం లేదు, నాలుగూ రోమన్ లిపే. అక్షరాల కూర్పు, చిన్న మాటలు పట్టుకోవాలి.

మొదటి వడపోత ఎవే. తోక ఉన్న డి, తోక ఉన్న ఎఫ్, అడుగున గుండ్రంగా ఉండే వి, గ్రీకు గామా లాంటి అక్షరం, వీటిలో ఏవైనా పదేపదే కనిపిస్తే అది ఎవే. డాంగ్మేలో ఈ అక్షరాలు లేవు.

రెండో వడపోత ట్వీ. కె-వై, జి-వై, హెచ్-వై, టి-డబ్ల్యూ, డి-డబ్ల్యూ జంటలు దండిగా ఉండి, కె-పి, జి-బి జంటలు అసలు లేకపోతే ట్వీ. ట్వీకి ఆ రెండు ధ్వనులూ లేవు. జడ్, వి అక్షరాలు కూడా ట్వీ సొంత మాటల్లో రావు.

మిగిలింది కష్టమైన పని, గా నుంచి డాంగ్మేను విడదీయడం. ఇక్కడ అక్షరాల కంటే చిన్న మాటలు నమ్మదగినవి. "ఉన్నది, ఫలానా చోట" అనడానికి గాలో "యె", డాంగ్మేలో "ఙె". ప్రతి రెండు మూడు వాక్యాలకు ఒకసారైనా వచ్చే మాట ఇది. రెండోది నామవాచకం తర్వాత వచ్చే "ఆ ఫలానా" అనే గుర్తు: గాలో "లె", డాంగ్మేలో విడిగా నిలబడే ఒక్క అచ్చు, ఎక్కువగా వివృత "ఒ". మూడోది, గా రాతలో తోక ఉన్న ఎన్ అక్షరం కనబడుతుంది, డాంగ్మే రాతలో దాని బదులు ఎన్-జి అని రెండక్షరాలు రాస్తారు. నాలుగోది ఎస్-హెచ్ జంట: గాలో మామూలే, డాంగ్మేలో ఎస్ ఒక్కటే. "కె" అనే మాటను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. "తో, మరియు" అనే అర్థంలో రెండు భాషల్లోనూ ఉంది.

ఈ నాలుగు గుర్తులకు మార్కులు వేసి ఫైలు మొత్తానికి కూడండి, వాక్యం వాక్యానికి తేల్చకండి. పొట్టి వాక్యంలో ఒక్క గుర్తూ రాకపోవచ్చు. తర్వాత ఒక్కో ఫోల్డర్ నుంచి 200 వాక్యాలు తీసి ఆ భాష మాట్లాడే మనిషికి చూపించండి. క్రోబో మనిషి ఒకరు, అడా వైపు మనిషి ఒకరు ఉంటే మరీ మంచిది.

దీనికి ముందే చేయాల్సిన శుభ్రం ఒకటి ఉంది, అది చేయకపోతే పై లెక్కలన్నీ తప్పుతాయి. వివృత ఎ కు అసలు యూనికోడ్ 025బి, దాని పెద్దక్షరం 0190. వివృత ఒ కు 0254, పెద్దక్షరం 0186. చాలా ఫైళ్లలో 025బి బదులు గ్రీకు ఎప్సిలాన్, అంటే 03బి5 దూరి ఉంటుంది. కంటికి తేడా తెలియదు. పట్టుకునే కిటుకు ఏమిటంటే, మాటను మొత్తం పెద్దక్షరాల్లోకి మార్చండి. అసలుది అయితే తిరగేసిన 3 ఆకారం అలాగే పెద్దదవుతుంది, గ్రీకుది అయితే మామూలు ఇ లాగా మారిపోతుంది. ఇక ఫోన్ చాటింగ్ నుంచి వచ్చిన రాతలో వివృత ఎ బదులు 3 అంకె, వివృత ఒ బదులు మూసే బ్రాకెట్టు కొడతారు. అక్షరానికి ఆనుకుని ఉన్నప్పుడే, బ్రాకెట్టయితే దానికి ముందు తెరిచే జత లేనప్పుడే వాటిని మార్చండి. గుడ్డిగా అంతా మార్చేస్తే ఫోన్ నంబర్లు, తేదీలు కూడా అచ్చులైపోతాయి.

ముక్కు అచ్చులు డాంగ్మేలో 5 ఉన్నాయి, పైన అలగుర్తు పెడతారు. వాటిలో మూడింటికి (ఇ, అ, ఉ) గుర్తుతో కలిసిన ఒకే కోడ్ యూనికోడ్‌లో ఉంది. వివృత ఎ, ఒ లకు లేదు, అక్షరం వెనక 0303 విడిగా కూర్చుంటుంది. కాబట్టి ఎన్‌ఎఫ్‌సి (అక్షరాన్నీ గుర్తునూ వీలైనచోట ఒకే కోడ్‌గా కలిపే యూనికోడ్ పద్ధతి) చేసినా ఆ రెండూ రెండేసి కోడ్లుగానే మిగులుతాయి. "అక్షరాల సంఖ్య" మీద ఆధారపడే ఏ కోడ్ అయినా అక్కడ తప్పు చెబుతుంది.

మారతహళ్లి_మాటలమూట:

ఎన్నో సంగతులు తేలాయి, ఇద్దరికీ ధన్యవాదాలు. శుభ్రం చేసి చూస్తే "అడాంగ్బే" అని ఉన్న ఫైళ్లన్నీ ఎవే వైపు వెళ్తున్నాయి. తోక ఉన్న డి నిండా ఉంది. స్క్రిప్టులో తప్పా? పైగా గా ఫైళ్లలో కొన్ని ఇక్కడ చెప్పిన అక్షరాలకు ఏ సంబంధమూ లేనట్టున్నాయి.

అజంత (చెన్నై):

మీ స్క్రిప్టు సరిగ్గానే చెబుతోంది, పేరే మోసం చేసింది. అడాంగ్బే అనేది ఘానా-టోగో సరిహద్దులో, అగోటిమే ప్రాంతంలో మాట్లాడే గ్బే భాష. అక్కడివాళ్ల పూర్వీకులు అడాంగ్మే వైపు నుంచి వెళ్లినవాళ్లు, జాతి పేరు నిలిచింది, నోటి భాష గ్బే అయింది. అంతర్జాతీయ భాషాకోడ్లలో డాంగ్మేకు "ఎ-డి-ఎ", అడాంగ్బేకు "ఎ-డి-క్యూ". ఒక్క అక్షరం తేడా, కొమ్మలు మాత్రం వేరు. వాటిని పక్కన పెట్టండి, డాంగ్మేలో కలపకండి.

గా సంగతి కూడా కోడ్ పొరపాటే అయ్యుండాలి. గా భాషకు మూడక్షరాల కోడ్ "జి-ఎ-ఎ". రెండక్షరాల "జి-ఎ" ఐర్లాండ్ వాళ్ల ఐరిష్ భాషది. రెండక్షరాల కోడ్‌తో ఎక్కడినుంచైనా దింపుకుంటే ఐరిష్ వస్తుంది. డాంగ్మేకు రెండక్షరాల కోడ్ అసలు లేదు. ఇంకో గుంట "క్రోబో". ఘానాలో క్రోబో అంటే డాంగ్మే మాట్లాడేవాళ్లు, కానీ ఐవరీ కోస్ట్‌లో "క్రోబూ" అని వేరే భాష ఉంది, దాని కోడ్ "కె-ఎక్స్-బి". ఫైలు ఏ దేశం నుంచి వచ్చిందో చూసి తేల్చండి.

మందర_మధ్యమ (చెన్నై):

స్వరాల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి అది నేను చెబుతాను. గా భాషలో స్థాయిలు రెండు: ఎత్తు, దిగువ. డాంగ్మేలో మూడు: ఎత్తు, మధ్య, దిగువ. తోబుట్టువులే అయినా ఇక్కడ పెద్ద తేడా. గా మీద తయారైన మోడల్‌ను డాంగ్మేకు తిప్పితే మధ్య స్థాయిని ఎటో ఒకవైపు నెట్టేస్తుంది. ఒకే అక్షరాలతో రాసిన మాట స్థాయి మారితే వేరే మాట అవుతుంది, రోజువారీ రాతలో మాత్రం స్థాయి గుర్తులు దాదాపు పెట్టరు. చదివేవాళ్లు సందర్భాన్ని బట్టి పోల్చుకుంటారు. అందుకని రాత నుంచి మాట పలికించే పనికి ఈ రాతప్రతులు ఉన్నపళంగా సరిపోవు. కనీసం ఒక భాగానికైనా తెలిసినవాళ్ల చేత గుర్తులు పెట్టించాలి.

మన తెలుగు చెవికి ఇందులో ఒక ఇబ్బంది ఉంది. మనం గొంతు ఎత్తడాన్ని ప్రశ్న అనో, కోపం అనో వింటాం. డాంగ్మేలో ఆ ఎత్తు మాటలోనే భాగం. రికార్డింగులు సరిచూసే తెలుగువాళ్లు "ఇక్కడ గొంతు మారింది, మళ్లీ చదివించండి" అని వెనక్కి పంపితే మంచి డేటా పోతుంది.

రికార్డింగ్: 16 బిట్, 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్, డబ్ల్యూఏవీ ఫైలు. మోడల్‌కు 16 కిలోహెర్ట్జ్ కావాలంటే తర్వాత దించుకోండి, ముందే దించి దాచుకోకండి. ఫోన్‌లో తనంతట తాను నడిచే రొద తగ్గింపును ఆపేయండి. వాక్యం చివర సన్నబడిన దిగువ స్వరాన్ని అది రొద అనుకుని కోసేస్తుంది. స్వరరేఖను ప్రాట్‌లో (ధ్వనిని విశ్లేషించే సాఫ్ట్‌వేర్) చూసేటప్పుడు మగ గొంతుకు 75 నుంచి 300 హెర్ట్జ్, ఆడ గొంతుకు 100 నుంచి 500 పెట్టండి. అందరికీ ఒకే హద్దు పెడితే రేఖ ఒక్కసారిగా రెట్టింపు ఎత్తుకు ఎగరడమో సగానికి పడటమో జరుగుతుంది. అది స్వరం కాదు, లెక్క తప్పు.

స్థాయి తేల్చడానికి హెర్ట్జ్ అంకెను నమ్మొద్దు. వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు సహజంగా దిగుతుంది. మొదట్లోని మధ్య స్వరం, చివర్లోని ఎత్తు స్వరం అంకెల్లో ఒకటే కావచ్చు. పక్క అక్షరంతో పోల్చే చూడాలి. మాటను విడిగా కాకుండా ఒకే చట్రంలో పెట్టి చదివించండి, "ఆయన ఫలానా అన్నాడు" లాంటి వాక్యంలో ఫలానా చోట మాట మార్చుకుంటూ, ఒక్కోటి 3 సార్లు. జాబితా వరసగా చదివిస్తే ఒక్కో మాట చివరా గొంతు దించేసే అలవాటు మనుషులందరికీ ఉంటుంది.

ఉచ్చారణలో ఇంకొకటి. కె-పి జంటను మనం "క్ప" అని రాస్తున్నాం, అది రాతసౌకర్యం మాత్రమే. నోట్లో క, ప ఒకదాని తర్వాత ఒకటి రావు. నాలుక వెనక భాగం అంగిలిని తాకడం, పెదాలు మూసుకోవడం ఒకేసారి జరిగి, దాదాపు ఒకేసారి విడుదలవుతాయి. జి-బి, ఎన్-జి-ఎం కూడా అలాంటివే. ధ్వనుల పట్టికలో వీటిని ఒక్కొక్క యూనిట్‌గానే పెట్టండి. రెండుగా విడగొడితే అక్షరాల సరిహద్దులు తప్పి, వాటి మీదున్న స్వరాలూ తప్పుతాయి.

డాంగ్మే మాటలు చాలావరకు మన తెలుగులాగే అచ్చుతో ముగుస్తాయి. వినడానికి అది మనకు చాలా కలిసొచ్చే సంగతి. వాక్యం మాత్రం మనలా కాదు, కర్త-క్రియ-కర్మ వరస. మనం "తీసుకుని వచ్చి ఇచ్చాడు" అని ముందు క్రియలకు తోకలు తగిలిస్తాం, క్వా భాషల్లో క్రియలు తోకలు లేకుండా ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. అక్కడ వాక్యం ముగిసిందనుకుని ఆడియోను కోయకండి.

తోక_ఎన్ (ఇందిరానగర్):

కోయడం మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు సంగతులు. డాంగ్మే లోపల యాసలున్నాయి: సముద్రం వైపు అడా, నింగో, ప్రాంప్రాం, క్పోనే, మైదానంలో షాయ్, ఒసుడోకు, లోపలికి వెళ్తే యిలో క్రోబో, మాన్యా క్రోబో. పరీక్ష కోసం పక్కన పెట్టే భాగాన్ని వాక్యాల వారీగా విడగొట్టకండి, మనుషుల వారీగా, ఊళ్ల వారీగా విడగొట్టండి. ఒకే మనిషి గొంతు రెండు వైపులా ఉంటే మోడల్ భాష నేర్చిందో మనిషిని గుర్తుపట్టిందో తేలదు. ప్రతి ఫైలుకూ ఊరి పేరు రాయించండి. "ఘానా, గ్రేటర్ అక్రా" అంటే చాలదు. అడా, నింగో-ప్రాంప్రాం, షాయ్-ఒసుడోకు ఆ ప్రాంతంలోకి వస్తాయి, క్రోబో జిల్లాలు ఈస్టర్న్ ప్రాంతంలోకి వస్తాయి.

పేర్లు తొలగించే పనిలో ఒక జాగ్రత్త. డేడే, కోకో, టెటె వంటివి పుట్టిన వరసను బట్టి పెట్టే పేర్లు, డేడే పెద్దకూతురు, కోకో రెండో కూతురు. మన పెద్దమ్మాయి, చిన్నమ్మాయి లాగా ఇంటింటా ఉంటాయి. గా కుటుంబాల్లోనూ ఉంటాయి కాబట్టి పేరు చూసి ఫైలు ఏ భాషదో నిర్ణయించకండి. ట్వీ పేర్లు వారాన్ని బట్టి, కోఫీ అంటే శుక్రవారం పుట్టినవాడు. అవి మాత్రం ఘానా అంతటా వాడుకలో ఉన్నాయి.

మారతహళ్లి_మాటలమూట:

చివరి ప్రశ్న. డాంగ్మే రికార్డింగులు మా దగ్గర తక్కువ. గా మోడల్ నుంచి మొదలుపెట్టి డాంగ్మేతో తర్ఫీదు ఇవ్వాలా, లేక నాలుగు భాషలూ కలిపి ఇవ్వాలా?

మందర_మధ్యమ (చెన్నై):

రెండూ చేసి పోల్చండి, కానీ పోల్చేది మీరు పక్కన పెట్టిన డాంగ్మే ఊళ్ల మీదే. గా నుంచి మొదలుపెడితే క్ప, గ్బ, 7 నోటి అచ్చులు, 5 ముక్కు అచ్చులు అన్నీ ముందే వచ్చి ఉంటాయి. ట్వీని అంత బరువుతో కలపకండి. దాని అచ్చుల వ్యవస్థ వేరు, నాలుక మొదలును ముందుకు తోసి పలికే అచ్చులు ఒక జట్టు, తోయకుండా పలికేవి ఇంకో జట్టు, ఒక మాటలో ఒక జట్టువే వస్తాయి. గా-డాంగ్మేలో ఆ కట్టడి లేదు. ఎవే కలిపితే కొద్ది పాళ్లలో కలపండి. మొత్తం తప్పుల శాతం ఒక్కటే చూడకుండా, "యె" అని రాసినచోట "ఙె" ఉండాల్సినవి ఎన్నో విడిగా లెక్కపెట్టండి. ఆ అంకె తగ్గకుండా మొత్తం శాతం ఒక్కటే తగ్గుతుంటే, మీ మోడల్ డాంగ్మేను వింటూ గా భాషను రాస్తోందన్నమాట. అప్పుడు గా పాలు తగ్గించి మళ్లీ నడపండి.